గచ్చు మీద మొదటి నీళ్ళు

మాదాపూర్ నీళ్ళు ఒకప్పుడు గోల్కొండకు వెళ్ళేవి. దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల వెంట సాగి కోటలోని కటోరా హౌజ్‌ను నింపేవి. పదహారో శతాబ్దపు మాట అది, కుతుబ్‌షాహీల కాలం. ఇవాళ అదే చెరువు మీద 2020 సెప్టెంబరులో తెరిచిన తీగల వంతెన ఉంది. చెరువు చుట్టూ లేచిన అద్దాల మేడలకు నీళ్ళు మంజీర నుంచి, కృష్ణ నుంచి, గోదావరి నుంచి రావాలి. అవి చాలని ఎండాకాలంలో ట్యాంకర్ల మీద రావాలి. నీళ్ళ దారి ఇట్లా తిరగబడింది గానీ, ఈ నాలుగున్నర శతాబ్దాల్లో ఇక్కడ ఆగకుండా సాగిన పని ఒకటుంది. తొట్టి కట్టడం, లోపల సున్నమో సిమెంటో పూయడం, ఆ పూత మీదికి మొదటిసారి నీళ్ళు వదలడం.

ఆ మొదటి నీళ్ళ చరిత్ర చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కట్టినవాళ్ళ గురించి, కట్టించినవాళ్ళ గురించి పుస్తకాలున్నాయి. కట్టిన తొట్టిలో మొదట ఏ నీళ్ళు పోశారు, ఎట్లా పోశారు, ఎన్నాళ్ళు కనిపెట్టుకుని ఉన్నారు అన్నది మేస్త్రీల నోటి మాటగానే మిగిలిపోయింది. ఆ మాట తెలిసినవాళ్ళు ఇప్పుడు తగ్గిపోతున్నారు.

నేను నీళ్ళు పరీక్ష చేసే మనిషిని. కొండాపూర్‌లో చిన్న ల్యాబు నాది. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు, అపార్ట్‌మెంట్ల సంపు నీళ్ళు, క్లబ్‌హౌసుల్లోని ఈతకొలనుల నీళ్ళు సీసాల్లో నా బల్ల మీదికి వస్తాయి. పెళ్ళయి నేను అడుగుపెట్టింది షేక్‌పేటలో గచ్చు పని చేసినవాళ్ళ ఇంట్లో. మా మామయ్య తన తండ్రి దగ్గర సున్నం పని నేర్చుకుని, తర్వాత సిమెంటులోకి మారిన మనిషి. ఆయన దగ్గర విన్నదీ, కాలేజీలో కెమిస్ట్రీగా చదివిందీ ఒకే సంగతి అని నాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది.

ముందు గచ్చు సంగతి. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. కాలిన రాయి మీద నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి, పొగలు కక్కి మెత్తటి సున్నమవుతుంది. దాన్ని గుంటలో నీళ్ళ కింద రోజుల తరబడి మాగనిస్తారు. పైన నిలిచే సున్నపు తేట మీద పల్చటి తెల్ల పొర కడుతుంది. మాగిన సున్నాన్ని, ఇసుకను రాతి గానుగలో పోసి ఎద్దులతో తిప్పించి నూరితే డంగు సున్నం. అందులో కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లపు నీళ్ళు పోస్తారు. గోడలకైతే ఇంతవరకు చాలు. నీళ్ళు నిలవాల్సిన హౌజుకూ బావికీ మరొకటి కావాలి. అది సుర్ఖీ, అంటే బాగా కాలిన ఇటుకను దంచిన పొడి.

సుర్ఖీ ఎందుకంటే, ఒట్టి సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. నీళ్ళ అడుగున ఎన్నాళ్ళున్నా మెత్తగానే ఉంటుంది. కాలిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిస్తే ఆ మిశ్రమం తడిలోనూ బిగుస్తుంది. రోమన్లు తమ నీటి తొట్లకు పగలగొట్టిన పెంకుల పొడిని ఇట్లాగే వాడారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ ఆనకట్టను కట్టినప్పుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వాడించిందీ సుర్ఖీ సున్నమే. కటోరా హౌజుకు, కుతుబ్‌షాహీ సమాధుల తోటల్లోని బావులకు, అక్కడి హమామ్ తొట్లకు ఆధారం ఈ సున్నం పనే. చార్మినార్ 1591 నాటిది. దాని రాళ్ళను పట్టి ఉంచిందీ సున్నమే.

గచ్చు పూసిన తర్వాతి రోజుల గురించి మా మామయ్య ఎక్కువగా చెప్పేవారు. పూత గురించి అడిగితే రెండు ముక్కల్లో ముగించి, తడి గురించి మొదలుపెడితే మాత్రం ఆపేవారు కాదు. "బిడ్డా, గచ్చు మీద ఎండ పడొద్దు. గోనెలు కప్పి తడుపుతనే ఉండాలె. తర్వాత మడమలు మునిగేటన్ని నీళ్ళు ఇడవాలె. తెల్లారి ఆ నీళ్ళు పారబోయాలె. మల్ల కొత్తనీళ్ళు. తొలి నీళ్ళు గొడ్లకు గూడ తాపొద్దు" అనేవారు. తొలి నీళ్ళను చేతిలోకి తీసుకుని వేళ్ళు రాసి చూసేవారట. జిగటగా, సబ్బులా జారితే ఇంకా సున్నం కక్కుతోందని లెక్క. ఆ జారుడు పోయేదాకా నీళ్ళు మారుస్తూనే ఉండేవారు.

ఆ వేళ్ళ పరీక్షను నేను మీటరుతో చేస్తాను. సున్నం నిండుగా కరిగిన నీళ్ళ పీహెచ్ 12 దాటుతుంది. అంత క్షారంలో వేళ్ళు జారతాయి. తొలి నీళ్ళను పారబోయడంలో ఉన్న తెలివి ఇది. సున్నం లీటరు నీళ్ళలో సుమారు 1.7 గ్రాములు కరుగుతుంది. అదే సున్నం బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారితే, స్వచ్ఛమైన లీటరు నీళ్ళలో కరిగేది 15 మిల్లీగ్రాములకు మించదు. నూరు రెట్లకు పైగా తేడా. కాబట్టి కొత్త పూత బతకాలంటే దాని పైపొర వీలైనంత త్వరగా సున్నపురాయిగా మారాలి. గాలిలో ఉన్నంతసేపు ఆ పని గాలి చేస్తుంది. నీళ్ళు నింపిన తర్వాత ఆ పని నీళ్ళే చేయాలి. నీళ్ళలో బైకార్బనేటు, కాల్షియం తగినంత ఉంటే పూతలోంచి బయటికి వచ్చే సున్నం అక్కడికక్కడే సున్నపురాయిగా మారి పూత మీదే గట్టి పొర కడుతుంది. లేకపోతే కరిగి నీళ్ళలో కలిసిపోతుంది, పూత గుల్లవుతుంది. గుంటలో సున్నపు తేట మీద కట్టే తెల్ల పొర, బావి గోడ మీద నిలిచే గట్టి పొర ఒకే పదార్థం.

ఈ ప్రాంతపు పాత బావుల నీళ్ళకు ఆ గుణం సహజంగానే ఉండేది. నల్లగండ్ల నుంచి ఖాజాగూడ దాకా నేలంతా గ్రానైటు. ఆ రాతి పగుళ్ళలో ఊరిన నీళ్ళలో కాల్షియం, బైకార్బనేటు పుష్కలం. పాతకాలపు ఆడవాళ్ళకు ఇది పప్పు దగ్గర తెలిసేది. కందిపప్పు ఎంతకీ ఉడకకపోతే, సబ్బు నురగ రాకపోతే ఉప్పు నీళ్ళు అనేవాళ్ళు. వంటకు పనికిరాని ఆ నీళ్ళే గచ్చుకు మేలు చేసేవి. గచ్చు పూసిన బావి వల్లే గచ్చిబౌలికి ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. పేరు సంగతి ఎట్లా ఉన్నా, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, కొత్తగూడ పిల్లలు తరతరాలుగా నడుముకు ఈతబెండ్లు కట్టుకుని దూకింది ఇట్లాంటి బావుల్లోనే. తవ్వింది వడ్డెరలు, పూసింది మా మామయ్య లాంటి మేస్త్రీలు.

పాత సున్నం పనిని మళ్ళీ చేయడం ఎంత కష్టమో మన కళ్ళముందే తేలింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి బడీ బావిలో 2013 వానలకు ఒకవైపు గోడ కూలింది. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ వాళ్ళు దాన్ని రాయితో, సున్నంతో తిరిగి కట్టించారు. సిమెంటుతో అయితే ఎప్పుడో అయిపోయేది. సున్నానికి అందరూ ఆగాల్సి వచ్చింది. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా పూడిక తీసి తెరిచారు. ఆ యునెస్కో పురస్కారంలో సగం పేరు చెప్పని సున్నం మేస్త్రీలదని నా నమ్మకం.

ఇక నీళ్ళ దారి ఎప్పుడు తిరిగింది? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదను ఆపడానికి కట్టిన చెరువులు నగరానికి తాగునీళ్ళూ ఇచ్చాయి. వాన నీళ్ళు నిలిచిన చెరువు కాబట్టి గండిపేట నీళ్ళు మెత్తన, పప్పు ఇట్టే ఉడికేది. 1965 నుంచి మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చి చేరాయి. బావులు మూతపడ్డాయి, బోర్లు దిగాయి. ఒకే ఊరి నేలలో ఊరిన నీళ్ళు, ఒకే బావి, ఒకే గచ్చు అనే లెక్క అక్కడితో తెగిపోయింది. ఇప్పుడు ఒకే కాలనీలో సోమవారం నల్లా నీళ్ళు, బుధవారం బోరు నీళ్ళు, శుక్రవారం ఎక్కడివో తెలియని ట్యాంకరు నీళ్ళు.

సిమెంటు రాకతో రెండో దారం తెగింది. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ యాస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. అది మన మేస్త్రీల చేతికి వచ్చేసరికి గానుగ, ఎద్దులు, కరక్కాయ అన్నీ పోయాయి. పని రోజుల్లో తెమిలిపోవడం మొదలైంది. సిమెంటంటే సున్నంతో పని లేనిదని అందరూ అనుకున్నారు. అది నిజం కాదు. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు లోపల సున్నం పుడుతుంది. గట్టిపడిన ముద్దలో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా అదే. మా మామయ్య వేళ్ళతో రాసి చూసిన సున్నం పోయిందెక్కడికీ కాదు, సిమెంటు లోపల దాక్కుంది. స్లాబు వేసినప్పుడు మడులు కట్టి నీళ్ళు నిలబెట్టే అలవాటు మాత్రం మిగిలింది. నీళ్ళు కొట్టాలని ప్రతి కూలీకీ తెలుసు. ఏ నీళ్ళు అన్న ప్రశ్న మాత్రం మాయమైంది.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. బండరాళ్ళ మధ్య ఆ గుండ్రటి భవనం లేవడం చూసినవాళ్ళకు ఆ తర్వాతి వేగం తెలుసు. కట్టిన చేతుల్లో ఎక్కువ పాలమూరు కూలీలవి. పెద్ద ప్రాజెక్టులకు వలస వెళ్ళి మట్టి మోసిన కుటుంబాలే ఇక్కడా గుడారాలు వేసుకున్నాయి. 2001లో సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, మరుసటి ఏడాది ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి. వాటి కోసం గచ్చిబౌలిలో స్టేడియం పక్కన ఈతకొలనుల సముదాయం కట్టారు. ఒలింపిక్ కొలత అంటే 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు. లోతు 2 మీటర్లే అనుకున్నా నింపడానికి 25 లక్షల లీటర్లు కావాలి. బావిలో దూకి ఈత నేర్చిన ఊళ్ళ పక్కన అంత నీలం నీళ్ళు చూడటం అప్పట్లో పెద్ద విశేషం.

ఆ తర్వాత గేటెడ్ కమ్యూనిటీలు వచ్చాయి. బ్రోచరులో క్లబ్‌హౌసు, క్లబ్‌హౌసులో ఈతకొలను తప్పనిసరయ్యాయి. మన దగ్గర చాలా కొలనులకు గాజు మొజాయిక్ టైల్సు అంటిస్తారు. తెల్ల సిమెంటు, పాలరాతి పొడి కలిపి నున్నగా పూసే పద్ధతి అమెరికాలో ఎక్కువ. డాలస్ నుంచో ఫీనిక్స్ నుంచో తిరిగి వచ్చి నార్సింగి, కోకాపేటల్లో విల్లాలు కట్టుకున్నవాళ్ళు కొందరు, అక్కడి పెరటి కొలను ఎట్లా ఉండేదో ఇక్కడా అట్లాగే కావాలన్నారు. పూయడం మన మేస్త్రీలకు కష్టం కాలేదు. గుర్మాలాతో అద్దంలా మెరుగు తీయగలరు. చిక్కంతా ఆ మెరుగు మీదికి నీళ్ళు వదిలినప్పుడు వచ్చింది. అమెరికాలో నేషనల్ ప్లాస్టరర్స్ కౌన్సిల్ అనే సంఘం మొదటి నీళ్ళు నింపే విధానాన్ని కార్డుగా అచ్చువేసి ఇస్తుంది. ఇక్కడికి పూత వచ్చింది, కార్డు రాలేదు.

ఇక్కడ లెక్క కాస్త వివరంగా చెప్పాలి. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న క్లబ్‌హౌసు కొలనులో 3 లక్షల లీటర్లు పడతాయి. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 60 రావాలి. పూత బిగిసిన వెంటనే, సాధారణంగా మర్నాటికల్లా, నింపడం మొదలుపెట్టాలి. మన ఏప్రిల్ ఎండలో ఖాళీగా వదిలితే సాయంత్రానికి నెర్రెలు కనిపిస్తాయి. ఒకసారి మొదలుపెడితే అంచు దాకా ఆపకూడదు. ఆపితే నీళ్ళు నిలిచిన మట్టం దగ్గర గీత పడుతుంది. ఆ గీత తర్వాత పోదు. పైపు చివర గోనె చుట్టి లోతు వైపు అడుగున పెట్టాలి. ధార నేరుగా పడితే పూత లేచిపోతుంది. ఇవన్నీ పాటించాలంటే ట్యాంకర్లు వరసగా రావాలి. ఐటీ కారిడార్‌లో ఆఫీసుల రద్దీ వేళ ట్యాంకరు కదలదు. పది ట్యాంకర్లు వచ్చి, ఆరు గంటలు ఆగి, మళ్ళీ నాలుగు వస్తాయి. అన్నీ ఒకే బోరు నుంచి రావు. అందుకే ముందుగానే సంపుల్లో, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో నీళ్ళు నిల్వచేసుకుని, రాత్రి మొదలుపెట్టమని చెబుతాను.

నీళ్ళ గుణాన్ని అంచనా వేయడానికి మాకున్న కొలమానం 1936 నాటిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విల్‌ఫ్రెడ్ లాంజెలియర్ నగర నీటి గొట్టాలు తుప్పు పట్టకుండా చూడటం కోసం దాన్ని తయారుచేశాడు. పీహెచ్, వేడి, కాల్షియం, ఆల్కలినిటీ, కరిగిన లవణాలు ఈ ఐదూ తెలిస్తే, నీళ్ళు సున్నపురాయిని కరిగిస్తాయా, పేర్చుతాయా అని ఒక అంకెతో చెప్పొచ్చు. సున్నా దగ్గర ఉంటే రెండూ లేవు. మైనస్‌లో ఉంటే పూతను తింటాయి. ప్లస్‌లో ఉంటే తెల్లటి పొలుసు కట్టిస్తాయి. నగరపు నీటి గొట్టం కోసం పుట్టిన ఆ లెక్క ఈతకొలనుల పనికి ఆయువుపట్టయింది.

మన ఉదాహరణ తీసుకుందాం. కాల్షియం కాఠిన్యం 300 పీపీఎం, ఆల్కలినిటీ 250, పీహెచ్ 7.3, కరిగిన లవణాలు 800, వేడి 30 డిగ్రీలు అనుకుంటే అంకె సుమారు ప్లస్ 0.3 వస్తుంది. గ్రానైటు బోర్లలో ఇట్లాంటి నీళ్ళు అరుదేమీ కాదు. కొత్త పూతకు ఇవి పనికొస్తాయి, ఆ కాస్త మొగ్గు పూతకు రక్షణే. కానీ రెండు రోజులకు పూత వదిలే సున్నం వల్ల పీహెచ్ 8.3కు ఎక్కుతుంది. అంకె ప్లస్ 1.3 అవుతుంది. అప్పుడు నీళ్ళు పాలలా తెల్లబడి అడుగున పిండి పేరుతుంది. ఆ పిండిని రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో రుద్ది లేపాలి, ఫిల్టరు రాత్రీపగలూ నడిపి పట్టించాలి. యాసిడ్‌ను నీళ్ళలో పలచన చేసి, కొద్దికొద్దిగా, రోజూ పోసి పీహెచ్‌ను 7.8 లోపలికి దించుతూ ఉండాలి. ఒక్కరోజులో దించేయాలని డబ్బాలు కుమ్మరిస్తే కొత్త పొరే కరిగిపోతుంది.

ఇప్పుడు అవే నీళ్ళను సాఫ్టెనరు గుండా పంపండి. మన పెద్ద అపార్ట్‌మెంట్లలో చాలావాటికి సాఫ్టెనరు ప్లాంటు ఉంది. స్నానానికి, కుళాయిలకు మంచిదే. అది కాల్షియాన్ని తీసేసి సోడియాన్ని పెడుతుంది. కాల్షియం 300 నుంచి 20కి పడితే అదే పీహెచ్ దగ్గర అంకె మైనస్ 0.9 అవుతుంది. ఆ నీళ్ళు తమకు లేని కాల్షియాన్ని దొరికిన చోటి నుంచి తీసుకుంటాయి. దొరికే చోటు కొత్త పూత ఒక్కటే.

ఒక పెద్ద కమ్యూనిటీలో సరిగ్గా ఇదే జరిగింది. పూసిన మేస్త్రీ బృందం పూత బిగిశాక బిల్లు తీసుకుని వేరే సైటుకు వెళ్ళిపోయింది. ప్లంబింగు కాంట్రాక్టరు దగ్గరున్న లైనుకు పైపు తగిలించాడు. అది సాఫ్టెనరు లైను. ఫెసిలిటీ మేనేజరుకు నీళ్ళు స్ఫటికంలా కనిపించాయి. అందరూ మెచ్చుకున్నారు. ప్రారంభోత్సవం తేదీ దగ్గర పడుతోందని మర్నాడే క్లోరిన్ బిళ్ళలు అడుగున వేశారు. ఆ బిళ్ళల ఆమ్లగుణం పడిన చోటల్లా పూతలో గుంటలు చేసింది. కొన్ని వారాలకే పిల్లల పాదాలు గీరుకుపోవడం మొదలైంది. నా దగ్గరికి సీసా వచ్చేసరికి నీళ్ళలో కాల్షియం పెరిగి ఉంది. పోసిన నీళ్ళలో లేని కాల్షియం అది, గోడ నుంచి వచ్చింది. పూత మొత్తం చెక్కి మళ్ళీ పూశారు. లక్షల లీటర్లు డ్రైనేజీ పాలయ్యాయి. తప్పు ఎవరిదని మీటింగులో గంటలు వాదించుకున్నారు. నేను చూసినంతలో మేస్త్రీ తన పని బాగా చేశాడు, ప్లంబరూ తన పని చేశాడు. మధ్యలో ఉన్న పని ఎవరికీ అప్పగించలేదు.

నా వాదన ఇదే. పాత పద్ధతిలో గచ్చు పూసిన మనిషే తొలి నీళ్ళు వదిలేవాడు, పారబోసేవాడు, వేళ్ళతో రాసి చూసేవాడు. నీళ్ళు పట్టించడం పూతలో భాగం. మనం సిమెంటు తెచ్చుకోవడం వల్ల ఆ బాధ్యత పోలేదు. ఒకే చేతిలో ఉన్న పనిని మూడు కాంట్రాక్టులుగా చీల్చడం వల్ల పోయింది.

నీళ్ళు మెత్తగా ఉంటే దిద్దుకునే దారి సులువే. నది నీళ్ళు నింపేటప్పుడు వంట సోడా వేసి ఆల్కలినిటీ పెంచుకోవచ్చు, కాల్షియం క్లోరైడు వేసి కాఠిన్యం పెంచుకోవచ్చు. అడుగు నిండకముందే సోడా కలిపిన నీళ్ళతో మొదలుపెట్టే పద్ధతి కూడా ఉంది, బైకార్బనేటు నిండుగా ఉండటంతో పిండి దాదాపు రాలదు. దానికయ్యే ఖర్చు సోడా సంచులదే. నింపిన రెండు రోజుల దాకా క్లోరిన్ వద్దు. చక్రాల వ్యాక్యూము రెండు వారాల దాకా దించొద్దు. ఉప్పుతో నడిచే క్లోరినేటరు ఉంటే 28 రోజుల దాకా ఉప్పు వేయొద్దు. బ్లీచింగ్ పౌడరు వాడేవాళ్ళు అది కూడా కాల్షియం తెస్తుందని గుర్తుంచుకోవాలి. బోరు నీళ్ళ కొలనులో అది పొలుసును పెంచుతుంది. ఎండాకాలం నీళ్ళు ఆవిరై లవణాలు చిక్కబడతాయి, వేడెక్కిన నీళ్ళలో సున్నపురాయి ఇంకా తక్కువ కరుగుతుంది. మే నెలలో టైల్సు అంచున కనిపించే తెల్ల గీత అదే.

ఈతకొలనుల మీద కోపం ఉన్నవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోపాన్ని నేను తోసిపుచ్చను. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఈతకొలనులకు తాగునీళ్ళు వాడొద్దని నిషేధించి, ఉల్లంఘిస్తే 5 వేల రూపాయల జరిమానా పెట్టింది. మన కారిడార్‌లోనూ ఎండాకాలం ట్యాంకరు కోసం బుకింగులు పెట్టుకుని కూర్చునే బస్తీలున్నాయి. నిండు కొలను పక్కన ఖాళీ బిందె ఉన్న ఊళ్ళో నీళ్ళ పని చేసేవాళ్ళకు బాధ్యత రెట్టింపు. సరిగ్గా నింపిన కొలనును ఏళ్ళ తరబడి ఖాళీ చేయనక్కర్లేదు. మొదటి నెల చెడిన కొలనును చెక్కాలి, ఖాళీ చేయాలి, మళ్ళీ 60 ట్యాంకర్లు తేవాలి. ఈ ఒక్క కారణం చాలు, మొదటి నీళ్ళను పట్టించుకోవడానికి.

మా మామయ్య చివరి రోజుల్లో నేను సీసాల్లో రంగులు తేల్చి చూపిస్తుంటే ఆసక్తిగా చూసేవారు. పీహెచ్ ఎరుపెక్కితే "ఇంకా కక్కుతుంది" అనేవారు. ఏ పుస్తకమూ చదవకుండా ఆయన చెప్పింది సరిగ్గా ఉండేది. అట్లాంటి మేస్త్రీలు పాతబస్తీలో, కార్వాన్‌లో, గోల్కొండ చుట్టూ ఇంకా కొందరున్నారు. బావుల పునరుద్ధరణ పనుల్లో వాళ్ళకు మళ్ళీ గిరాకీ వచ్చింది. వాళ్ళను కూర్చోబెట్టి, తడి గురించి, తొలి నీళ్ళ గురించి చెప్పించి రాసుకోవాల్సిన సమయం ఇదే. సివిల్ ఇంజినీరింగు కాలేజీలు ఆ పని చేయొచ్చు. 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలోనే ఉంది, చరిత్ర విభాగమూ రసాయనశాస్త్ర విభాగమూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి.

మీ అపార్ట్‌మెంటు అసోసియేషను కొత్త క్లబ్‌హౌసును బిల్డరు దగ్గర స్వాధీనం చేసుకోబోతుంటే, ఈతకొలను టైల్సు రంగు కన్నా ముందు ఒక పుస్తకం అడగండి. ఏ నీళ్ళతో నింపారు, ఎన్ని గంటలు పట్టింది, మధ్యలో ఆగిందా, మొదటి 28 రోజులూ పీహెచ్ ఎంత, ఆల్కలినిటీ ఎంత, కాల్షియం ఎంత, యాసిడ్ ఎంత పోశారు అన్నవి రోజువారీగా రాసిన పుస్తకం. అది లేదంటే సంతకం పెట్టకండి. ఇంకా నింపకపోతే మీరే ఒక నోటుబుక్కు కొని పూసిన మేస్త్రీ చేతికివ్వండి. ఆ నెల రోజుల కూలీ కూడా ఆయనకే ఇవ్వండి.